బొహ్దాన్ ఖ్మెల్నిత్‌స్కీ: ఎవరి క్యాలెండర్ ఎక్కడ ఆగింది?

2024 ఫిబ్రవరిలో అమెరికన్ జర్నలిస్టు టకర్ కార్ల్‌సన్ మాస్కో వెళ్లి పుతిన్‌ను ఇంటర్వ్యూ చేశాడు. యుక్రెయిన్ మీద యుద్ధం ఎందుకని అడిగితే పుతిన్ తొమ్మిదో శతాబ్దం దగ్గర మొదలుపెట్టి చరిత్ర చెప్పుకుంటూ పోయాడు. మధ్యలో ఒక ఫైలు తెప్పించి అతిథి చేతికిచ్చాడు. అందులో ఉన్నవి 17వ శతాబ్దపు ఉత్తరాల నకళ్లు. రాసినవాడు బొహ్దాన్ ఖ్మెల్నిత్‌స్కీ అనే కొసాక్కు నాయకుడు. మమ్మల్ని మీ నీడలోకి తీసుకోండని మాస్కోను అడిగింది వీళ్లే, కావాలంటే చదువుకో అన్నది పుతిన్ ఉద్దేశం.

అదే మనిషి బొమ్మను యుక్రెయిన్ తన 5 హ్రివ్నియాల నోటు మీద అచ్చేసుకుంది. ఆ దేశ అధ్యక్షుడి పేరుతో నడిచే సైనిక బ్రిగేడ్‌కు అతని పేరే పెట్టుకున్నారు. యుద్ధం చేస్తున్న రెండు దేశాలూ ఒకే మనిషిని సాక్షిగా బోనెక్కిస్తున్నాయన్నమాట. ఇక తూర్పు యూరప్ యూదుల జ్ఞాపకంలో అతని పేరు పక్కన శాపనార్థం లేకుండా రాయరు. పోలండ్ వాళ్ల దృష్టిలో తమ మహారాజ్యం కూలడానికి మొదటి గొడ్డలివేటు వేసినవాడు అతనే.

ఇందులో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. అదే ఈ కథలోని చిక్కు. ఒక్కొక్కరు అతని జీవితంలో ఒక్కో సంవత్సరం దగ్గర క్యాలెండర్ ఆపేసి, ఇదే మనిషి అసలు రూపం అంటున్నారు. యూదులకు అది 1648. యుక్రెయిన్‌కు 1649. రష్యాకు 1654. అతను చనిపోయిన 1657 దగ్గర ఆగేవాళ్లు మాత్రం దాదాపు ఎవరూ కనబడరు. అన్నిటికంటే ఇబ్బందికరమైన సంవత్సరం అదే కాబట్టి.

జాబితాలో ఉన్నవాళ్లు, లేనివాళ్లు

మనలో ఒక తరానికి కొసాక్కులు తెలిసింది మాస్కోలో అచ్చయి విశాలాంధ్ర పుస్తకశాలల్లో చవగ్గా దొరికిన తెలుగు అనువాదాల వల్ల. గుర్రం, మీసం, వోడ్కా, కత్తి. తర్వాతి తరానికి జపోరిజ్జియా అనే ఊరు తెలిసింది అక్కడ మెడిసిన్ చదివే మన పిల్లల వల్ల, 2022 తర్వాత అణు విద్యుత్ కేంద్రం మీద వచ్చిన వార్తల వల్ల. ఆ ఊరి పేరులోనే ఈ కథ మొదలవుతుంది. ద్నీపర్ నదిలో బండరాళ్ల మీదుగా నీళ్లు సుడులు తిరుగుతూ ఉరికే చోట్లు వరసగా ఉండేవి. వాటికి అవతలి ప్రాంతం అని జపోరిజ్జియా మాటకు అర్థం. పడవలు సులువుగా దాటలేని ఆ చోట్లకు దిగువన, నది మధ్య లంకల్లో, కొసాక్కుల కోట ఉండేది. దాన్ని సిచ్ అనేవాళ్లు.

కొసాక్కు అన్నది జాతి పేరూ కాదు, కులం పేరూ కాదు. తుర్కీ భాషల్లో 'కజాక్' అంటే ఎవరికీ కట్టుబడకుండా తిరిగేవాడు. పోలండ్-లిథువేనియా రాజ్యానికి దక్షిణపు అంచున, క్రిమియా తాతార్ల దాడుల భయంతో ఎవరూ కాపురం పెట్టని గడ్డిభూముల్లోకి రకరకాల మనుషులు పారిపోయి వచ్చారు. వెట్టి భరించలేని రైతులు, అప్పులు ఎగ్గొట్టినవాళ్లు, వేటగాళ్లు, ఆస్తి పంపకాల్లో ఏమీ దక్కని చిన్న భూస్వాముల కొడుకులు. ఆయుధం లేకుండా అక్కడ బతకడం కుదరదు కాబట్టి అందరూ ఆయుధం పట్టారు. నాయకుణ్ని వాళ్లే ఎన్నుకునేవారు, నచ్చకపోతే వాళ్లే దించేసేవారు.

పోలండ్ రాజుకు వీళ్లతో అవసరమూ ఉంది, తలనొప్పీ ఉంది. సరిహద్దు కాపలాకు వీళ్లే కావాలి. కానీ బుద్ధి పుట్టినప్పుడల్లా పడవలేసుకుని ఇస్తాంబుల్ శివార్ల దాకా వెళ్లి దోచుకొస్తే సుల్తానుతో గొడవ వచ్చేది రాజుకు. అందుకని ఒక జాబితా పెట్టారు. అందులో పేరున్న కొసాక్కుకు జీతం, కొన్ని హక్కులు, వెట్టి నుంచి విడుదల. పేరు లేనివాడు చట్టం దృష్టిలో యజమాని దగ్గర్నుంచి పారిపోయిన వెట్టి రైతు, పట్టుకొచ్చి అప్పగించాల్సినవాడు. 1638లో వరసగా తిరుగుబాట్లు అణిచేశాక ఆ జాబితాను 6,000 దగ్గర బిగించేశారు.

ఆ 6,000 అనే అంకె గుర్తుపెట్టుకోండి. బొహ్దాన్ తర్వాత చేసిన ఒప్పందాలన్నిటిలోనూ మతం, స్వేచ్ఛ, గౌరవం లాంటి మాటలు ఉంటాయి. అసలు బేరం ఎటు పోయిందో తెలియాలంటే మాత్రం ఈ అంకె పెరిగిందా తగ్గిందా చూడాలి.

దీనికి పైన మతం గొడవ ఒకటి. 1569 దాకా ఈ ప్రాంతంలో ఎక్కువ భాగం లిథువేనియా కింద ఉండేది. ఆ ఏడు లుబ్లిన్‌లో జరిగిన ఒప్పందంతో నేరుగా పోలండ్ కిందికి వచ్చింది. కేథలిక్కులైన పోలిష్ ప్రభువులు వచ్చారు, పెద్ద పెద్ద ఎస్టేట్లు వచ్చాయి, వెట్టి పెరిగింది. ఇక్కడి జనం ఆర్థొడాక్స్ క్రైస్తవులు, పోప్‌ను ఒప్పుకోరు. 1596లో బ్రెస్ట్‌లో వాళ్ల బిషప్పులు కొంతమంది పోప్ అధికారాన్ని ఒప్పుకోవడంతో చర్చి రెండుగా చీలింది. ఇకనుంచి పన్ను వసూలు చేసేవాడి మతం వేరు, కట్టేవాడి మతం వేరు.

యాభై దాటాక తిరగబడ్డవాడు

తిరుగుబాటు నాయకుడు అనగానే మనకు పాతికేళ్ల కుర్రాడు మనసులో మెదులుతాడు. బొహ్దాన్ కత్తి దూసేనాటికి అతనికి సుమారు 52 ఏళ్లు. అప్పటిదాకా అతను ప్రభుత్వం మనిషే. తండ్రి చిహిరిన్ అనే సరిహద్దు పట్నంలో పోలిష్ అధికారుల కింద ఉద్యోగి. కొడుకును ల్వివ్‌లో జెసూట్లనే కేథలిక్ పాదరీల బడిలో చదివించాడు. అక్కడ లాటిన్ బాగా వంటబట్టినా కుర్రాడు ఆర్థొడాక్స్ మతం వదల్లేదు. 1620లో ట్సెట్సోరా దగ్గర తుర్కులతో జరిగిన యుద్ధంలో తండ్రి చనిపోయాడు, కొడుకు బందీగా దొరికాడు. రెండేళ్లు ఇస్తాంబుల్‌లో గడిపి అక్కడ తుర్కీ నేర్చుకున్నాడు. తర్వాత రోజుల్లో క్రిమియా తాతార్ల ఖాన్‌తో, సుల్తాను మనుషులతో మాట్లాడటానికి ఆ బానిసత్వమే పనికొచ్చింది.

1637లో ఒక కొసాక్కు తిరుగుబాటు ఓడిపోయినప్పుడు లొంగుబాటు పత్రం మీద సంతకం పెట్టింది అతనే. అప్పుడు అతను కొసాక్కు సైన్యానికి రాయసం చూసేవాడు. ఆ తర్వాత పదేళ్లూ చిహిరిన్‌లో చిన్న దళపతిగా, సుబోతివ్‌లో సొంత పొలంతో, భార్యాపిల్లలతో కుదురుగా బతికాడు. కాగితాల విలువ, సంతకాల విలువ అతనికి బాగా తెలుసన్న సంగతి మాత్రం మరిచిపోకూడదు.

1647లో స్థానిక పోలిష్ అధికారి దానియెల్ చాప్లిన్‌స్కీ సుబోతివ్ మీద పడ్డాడు. పొలం లాక్కున్నాడు, పంట ఎత్తుకుపోయాడు, చిన్న కొడుకును కొట్టించాడు. ఆ పిల్లవాడు చనిపోయాడు. భార్య పోయాక బొహ్దాన్ చేరదీసిన స్త్రీని చాప్లిన్‌స్కీ తన ఇంటికి తీసుకుపోయాడు. బొహ్దాన్ కోర్టుకెళ్లాడు. పని కాలేదు. వార్సా వెళ్లి రాజు వ్లాదిస్లావ్‌కే మొర పెట్టుకున్నాడు. నీ నడుముకు కత్తి లేదా అని రాజు అడిగాడని ఒక కథ ఉంది. నిజమో కాదో గానీ, పోలండ్‌లో రాజు మాట ప్రభువుల దగ్గర చెల్లదని ఆ కథ చెప్పుకున్నవాళ్లందరికీ తెలుసు. సొంత అధికారి మీద రాజు చర్య తీసుకోలేని రాజ్యం అది.

1647 చివర్లో బొహ్దాన్ సిచ్‌కు పారిపోయాడు. కొత్త సంవత్సరం మొదట్లోనే కొసాక్కులు అతన్ని హెట్మన్‌గా, అంటే సర్వసైన్యాధిపతిగా ఎన్నుకున్నారు.

1648

అంతకు ముందు కొసాక్కు తిరుగుబాట్లు ఓడిపోవడానికి కారణం తెలిసిందే. కొసాక్కు నేల మీద, పడవ మీద గట్టివాడు. కానీ పోలిష్ అశ్వదళం ముందు నిలబడలేడు. బొహ్దాన్ ఆ లోటు ఎవరూ ఊహించని చోట పూడ్చాడు. తరతరాల శత్రువైన క్రిమియా ఖాన్ ఇస్లాం గిరాయ్ దగ్గరకు వెళ్లి గుర్రాల సాయం అడిగాడు. ఖాన్ ఒప్పుకున్నాడు. మే నెలలో పది రోజుల తేడాలో జోవ్తి వోది దగ్గర ఒక పోలిష్ సైన్యం, కోర్సున్ దగ్గర ఇంకొకటి తుడిచిపెట్టుకుపోయాయి. పోలండ్ సేనాపతులిద్దరూ తాతార్లకు బందీలుగా దొరికారు. అదే నెలలో రాజు వ్లాదిస్లావ్ చనిపోయాడు. రాజూ లేడు, సైన్యమూ లేదు. సెప్టెంబర్‌లో పిల్యావ్త్సీ దగ్గర మూడో సైన్యం దాదాపు యుద్ధం చేయకుండానే పారిపోయింది.

ఈ వార్తతో ఊళ్లకు ఊళ్లు లేచాయి. జాబితాలో ఉన్నా లేకపోయినా ప్రతి రైతూ నేనూ కొసాక్కునే అన్నాడు. కోపం ఎవరి మీద పడిందన్నదే ఇప్పుడు చూడాల్సింది.

గుత్తేదారు అనే మాట తెలుగువాళ్లకు వివరించి చెప్పక్కర్లేదు. భూమి జమీందారుది, సారా దుకాణం హక్కు జమీందారుది. కానీ దుకాణంలో కూర్చుని డబ్బు వసూలు చేసేది గుత్త పాడుకున్నవాడు. ఊరివాడికి రోజూ కనబడే ముఖం అతనిదే. యుక్రెయిన్ ఎస్టేట్లలో పోలిష్ ప్రభువులు పిండిమరలు, సారా దుకాణాలు, వంతెన సుంకాలు, ఒక్కోసారి ఊళ్లకు ఊళ్లే గుత్తకు ఇచ్చేవారు. పాడుకున్నవాళ్లలో చాలామంది యూదులు. వాళ్లకు భూమి కొనే హక్కు లేదు, బతకడానికి ఉన్న దారుల్లో ఇదొకటి. ప్రభువు వార్సాలోనో క్రాకోవ్‌లోనో ఉంటాడు. గొడ్డలి పట్టుకుని బయల్దేరిన రైతుకు అందేది గుత్తేదారు ఇల్లు. ఆ పక్కనే గుత్తతో ఏ సంబంధమూ లేని దర్జీ ఇల్లు, చదువు చెప్పే రబ్బీ ఇల్లు, పసిపిల్లల ఇల్లు. ఆ వేసవిలో నెమిరివ్, తుల్చిన్, పొలొన్నె పట్నాల్లో జరిగింది వర్గపోరాటం అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. అది ఊచకోత.

ఆ కాలాన్ని చూసి బతికిన రబ్బీ నాథన్ హనోవర్ 1653లో వెనిస్‌లో అచ్చువేసిన హీబ్రూ వృత్తాంతం యూదుల జ్ఞాపకానికి మూలం. అందులో తుల్చిన్ కథ చదివితే నిద్ర పట్టదు. కోటలో పోలిష్ ప్రభువులూ యూదులూ కలిసి తలదాచుకున్నారు, చివరిదాకా కలిసే పోరాడతామని ఒట్టేసుకున్నారు. యూదులను అప్పగిస్తే మిమ్మల్ని వదిలేస్తామని కొసాక్కులు కబురు పెట్టారు. ప్రభువులు అప్పగించారు. యూదులను చంపాక కొసాక్కులు కోటలోకి వచ్చి ప్రభువులనూ చంపారు. ఇది అచ్చంగా ఇలాగే జరిగిందా అని చరిత్రకారులు ప్రశ్నించారు. హనోవర్‌లో నాకు ఆశ్చర్యం కలిగించేది మరొకటి. తన వాళ్లను చంపినవాళ్ల గురించి రాస్తూ కూడా, ఆ ఆర్థొడాక్స్ జనం అంతకు ముందు ఎంత తొక్కుడుకు గురయ్యారో, పోలిష్ ప్రభువుల కిందా యూదు గుత్తేదార్ల కిందా ఎలా బానిసల్లా బతికారో దాచకుండా రాశాడు.

చనిపోయినవాళ్లు ఎంతమంది? పాత వృత్తాంతాలు లక్ష అన్నాయి, అంతకంటే ఎక్కువ కూడా అన్నాయి. ఇజ్రాయెల్ చరిత్రకారుడు షాఉల్ స్టాంఫర్ 2003లో జనాభా లెక్కలు తిరగేసి, ఆ ప్రాంతంలో అప్పుడున్న యూదులే 40,000 మంది అనీ, వాళ్లలో 18,000 నుంచి 20,000 మంది చనిపోయారనీ తేల్చాడు. ఈ లెక్క వచ్చాక కొందరు యుక్రెయిన్ జాతీయవాదులు, చూశారా ఇన్నాళ్లూ పెంచి చెప్పారు అన్నారు. అంకె తగ్గిందంటే నేరం తగ్గిందనుకున్నారు. కానీ ఈ లెక్క చెబుతున్నది ఆ ప్రాంతపు యూదుల్లో దాదాపు సగం మంది పోయారని. నిష్పత్తిలో చూస్తే ఇది పాత కథ కంటే చిన్నదేమీ కాదు.

బొహ్దాన్ ప్రతి ఊచకోతకూ ఆదేశమిచ్చాడని చెప్పలేం. చాలా చోట్ల చంపింది మాక్సిమ్ క్రివొనిస్ లాంటి దళపతుల గుంపులు, వాళ్ల వెంట నడిచిన ఊరి జనం. అటువైపు యెరెమి విష్నియోవియెత్స్కీ అనే ప్రభువు పట్టుబడిన రైతులను కొర్రు వేయించుకుంటూ పోయాడు. అయినా ఈ మంట అంటించి, దాని బలంతోనే బేరాలాడినవాడు బొహ్దాన్. మరుసటి ఏడాది సంధిలో కొసాక్కు ప్రాంతంలో యూదులు ఉండకూడదని షరతు రాయించుకున్నదీ అతనే. 1650లో పోలండ్ యూదుల మహాసభ హీబ్రూ పంచాంగంలోని సివాన్ నెల 20వ రోజును ఉపవాస దినంగా ప్రకటించింది. కొన్ని వందల ఏళ్లు ఆ ఉపవాసం నడిచింది.

తాతార్ల సాయానికి ఖరీదు వేరే ఉంది. వాళ్లకు జీతం మనుషుల రూపంలో అందింది. యుద్ధం అయ్యాక, ఒక్కోసారి అవకముందే, తాతార్లు దారిలో దొరికిన ఊళ్ల నుంచి జనాన్ని తాళ్లతో కట్టి క్రిమియా బానిస సంతలకు తోలుకుపోయేవారు. పోయినవాళ్లలో పోలిష్ వాళ్లున్నారు, యూదులున్నారు. ఎక్కువమంది మాత్రం బొహ్దాన్ ఎవరి విముక్తి కోసం లేచాడని చెప్పుకుంటామో ఆ యుక్రెయిన్ రైతులే. యూదు బందీలను విడిపించడానికి ఇతర దేశాల యూదు సమాజాలు చందాలు పోగుచేశాయి. ఈ రైతుల కోసం అలా చందాలు పోగుచేసే దిక్కు లేదు. మొదటి గుండు ఖ్మెల్‌నే, అంటే బొహ్దాన్‌నే, తాకాల్సింది అని శపించే జానపద పాటలు యుక్రెయిన్ భాషలోనే ఉన్నాయి. విగ్రహాల ముందు పాడే పాటలు కావవి.

మోషే, మహారాజు, జాబితా

1648 క్రిస్మస్ రోజుల్లో బొహ్దాన్ కీవ్ నగరంలోకి ఊరేగింపుగా వచ్చాడు. జెరూసలేం నుంచి వచ్చిన ఆర్థొడాక్స్ మతాధిపతి ఎదురొచ్చి దీవించాడు. తన ప్రజలను బానిసత్వం నుంచి నడిపించిన మోషే అని విద్యార్థులు లాటిన్‌లో స్తుతించారు. ఈ కొద్ది వారాల్లోనే అతనిలో ఏదో మారింది. 1649 ఫిబ్రవరిలో పేరెయాస్లావ్ పట్నానికి పోలండ్ రాయబారులు వచ్చినప్పుడు, మొదట నాకు జరిగిన అన్యాయం కోసం కత్తి పట్టాను, ఇకమీదట మన మతం కోసం పోరాడతాను అన్నాడు. రూస్ దేశానికి, అంటే ఈ యుక్రెయిన్ నేలకు, నేనే ఏలికను అని కూడా అన్నాడు. యుక్రెయిన్ చరిత్ర పుస్తకాలకు ఇష్టమైన క్షణం ఇదే. పొలం తగాదా పడ్డ మనిషి దేశం అనే ఆలోచన దగ్గరికి వచ్చిన క్షణం.

ఆగస్టులో జ్బోరివ్ దగ్గర కొత్త రాజు యాన్ కజిమిర్ సైన్యాన్ని బొహ్దాన్ చుట్టుముట్టాడు. ఇంకొక్క రోజు ఉంటే రాజే దొరికేవాడు. ఖాన్‌కు పోలండ్ బలహీనపడటం కావాలి గానీ చచ్చిపోవడం అక్కర్లేదు. డబ్బు పుచ్చుకుని వేరుగా రాజీ కుదుర్చుకున్నాడు. బొహ్దాన్ గత్యంతరం లేక సంధికి కూర్చున్నాడు. జాబితా 40,000. కీవ్, బ్రాత్స్లావ్, చెర్నిహివ్ ప్రాంతాలు కొసాక్కుల చేతికి.

ఆరు వేల నుంచి నలభై వేలు. గొప్ప విజయమే. కానీ ఏడాదిగా నేనూ కొసాక్కునే అంటూ పోరాడినవాళ్లు లక్షల్లో ఉన్నారు. మిగతావాళ్లు ఏం చేయాలి? ఇంటికెళ్లి పాత యజమానికి వెట్టి చేయాలి. సంధి పత్రం చెప్పింది అదే. తిరిగి వచ్చిన భూస్వాముల మీద రైతులు తిరగబడితే, వాళ్లను శిక్షించాల్సిన పని హెట్మన్‌దే అయింది. సోవియట్ చరిత్రకారులు 1930ల దాకా అతన్ని రైతు ద్రోహి అన్నది ఇందుకే. ఆ మాట మొత్తంగా తప్పని అనలేం.

1651లో బెరెస్తెచ్కో దగ్గర ఖాన్ యుద్ధం మధ్యలో వెళ్లిపోయాడు, పోతూ పోతూ బొహ్దాన్‌ను కూడా తన వెంట లాక్కుపోయాడు. కొసాక్కులు దారుణంగా ఓడారు. జాబితా 20,000కు, భూమి ఒక్క కీవ్ ప్రాంతానికి కుంచించుకుపోయింది. మరుసటి ఏడు బాతిహ్ దగ్గర బదులు తీర్చుకున్నారు, పట్టుబడిన పోలిష్ సైనికులను వేలల్లో నరికారు. పోలండ్ మర్చిపోని పేర్లలో బాతిహ్ ఒకటి. 1653లో మోల్దావియాలో పెద్ద కొడుకు తిమిష్ చనిపోయాడు. యుద్ధాలు గెలుస్తూనే ఉన్నా తాను ఒంటరిగా నిలబడలేనని ఈపాటికి బొహ్దాన్‌కు తెలిసిపోయింది. పెద్ద దిక్కు ఒకటి కావాలి. సుల్తానుతో మంతనాలు నడిచాయి. మాస్కోకు ఉత్తరాలు వెళ్లాయి. పుతిన్ ఫైలులో ఉన్నవి ఆ కోవకు చెందినవే.

ప్రమాణం రెండు వైపులా ఉంటుందా?

మాస్కో అయిదేళ్లకు పైగా నాన్చింది. పోలండ్‌తో యుద్ధం అంటే జార్ అలెక్సెయ్‌కు భయం. చివరికి 1653 శరత్కాలంలో సరే అన్నారు. 1654 జనవరిలో రాయబారి వసీలీ బుతుర్లిన్ పేరెయాస్లావ్ వచ్చాడు. అయిదేళ్ల కిందట రూస్ ఏలికను నేనే అని బొహ్దాన్ అన్న ఊరే అది.

జనం ముందు నిలబడి బొహ్దాన్ అడిగాడు: తుర్కు సుల్తాను, క్రిమియా ఖాన్, పోలండ్ రాజు, మాస్కో జార్, ఈ నలుగురిలో ఎవరు కావాలి? మన మతం వాడైన జారే కావాలని జనం అరిచారు. రష్యా పాఠ్యపుస్తకాల బొమ్మ ఇక్కడ ఆగిపోతుంది. అసలు సంగతి ఆ తర్వాత చర్చిలో జరిగింది. మేము జార్‌కు విధేయులుగా ఉంటామని ప్రమాణం చేస్తాం, మా హక్కులు కాపాడతానని జార్ తరఫున మీరు ప్రమాణం చేయండి అని కొసాక్కులు బుతుర్లిన్‌ను అడిగారు. పోలండ్‌లో రాజు గద్దెనెక్కేటప్పుడు ప్రమాణం చేస్తాడు. వాళ్లకు తెలిసిన రాజరికం అదే. బుతుర్లిన్ నిర్ఘాంతపోయాడు. జార్ తన ప్రజలకు ప్రమాణం చేయడమా? అలాంటి మాట వినకూడదు కూడా అన్నాడు. బొహ్దాన్, అతని దళపతులు చర్చిలోంచి బయటికెళ్లి చాలాసేపు మాట్లాడుకున్నారు. బుతుర్లిన్ లోపలే ఎదురుచూశాడు. చివరికి వాళ్లు తిరిగొచ్చి తమ వైపు ప్రమాణం మాత్రం చేశారు.

ఈ మూడున్నర శతాబ్దాల గొడవంతా ఆ చర్చి గుమ్మం దగ్గర ఉందని నా అభిప్రాయం. లోపల ఉన్నవాడి లెక్కలో ఇది దాసోహం. బయట నిలబడి తర్జనభర్జన పడ్డవాళ్ల లెక్కలో ఇది ఒప్పందం. ఒకే మాట, ఒకే రోజు, రెండు రాజకీయ భాషలు.

రెండు నెలల తర్వాత కొసాక్కు దూతలు మాస్కో వెళ్లి షరతులు రాయించుకున్నారు. జాబితా 60,000. హెట్మన్‌ను తామే ఎన్నుకుంటారు. విదేశాల దూతలను పిలిపించుకోవచ్చు, పోలండ్‌తోనూ సుల్తానుతోనూ మాత్రం జార్ అనుమతి లేకుండా మాట్లాడకూడదు. ఈ పత్రాల అసలు ప్రతులు నిలవలేదు. మిగిలినవి నకళ్లు, చిత్తు ప్రతులు, అనువాదాలు. ఇక పండితులకు పండగే. ఇది పూర్తి విలీనం అన్నవాళ్లున్నారు. సామంత సంబంధం అన్నాడు యుక్రెయిన్ చరిత్రకారుడు మిహాయ్‌లో హ్రుషెవ్‌స్కీ. తాత్కాలిక సైనిక పొత్తు అన్నాడు వ్యాచెస్లావ్ లిపిన్‌స్కీ.

నా మటుకు నేను పత్రం కంటే బొహ్దాన్ ఆ తర్వాత నడుచుకున్న తీరు చూస్తాను. 1656లో జార్ పోలండ్‌తో విల్నాలో సంధి మాట్లాడాడు. కొసాక్కు దూతలను ఆ చర్చల్లోకి రానివ్వలేదు. ఎవరి కోసమైతే యుద్ధం మొదలైందో వాళ్లే గది బయట. బొహ్దాన్ దీన్ని ఊరికే దిగమింగలేదు. స్వీడన్‌తో, ట్రాన్సిల్వేనియా రాకుమారుడితో చేతులు కలిపి, పోలండ్‌ను పంచుకునే పథకంలో చేరాడు. 1657లో తన సైన్యాన్ని వాళ్లకు సాయంగా పంపించాడు. అదే సమయంలో జార్ స్వీడన్‌తో యుద్ధంలో ఉన్నాడు. శాశ్వతంగా రష్యాలో కలిసిపోయాననుకున్న మనిషి చేసే పని కాదిది. అలాగని స్వతంత్ర దేశం ప్రకటించినవాడి పని కూడా కాదు. ఒక దొర కుదరకపోతే ఇంకో దొరను వెతుక్కునే పని. జీవితమంతా అతను చేసింది అదే.

ఆ పథకం జూలైలో కుప్పకూలింది. సైన్యం చెదిరి వెనక్కి వచ్చింది. 1657 ఆగస్టు 6న చిహిరిన్‌లో బొహ్దాన్ పక్షవాతంతో చనిపోయాడు. పదేళ్లు తిరగకముందే, 1667లో, ద్నీపర్ నదిని గీతగా పెట్టుకుని పోలండ్, రష్యా అతని దేశాన్ని చెరి సగం పంచుకున్నాయి. జాబితా సంగతేమయిందంటారా? 1764లో కేథరిన్ రాణి హెట్మన్ పదవే రద్దు చేసింది. 1775లో సిచ్‌ను నేలమట్టం చేయించింది. 1783లో అక్కడి రైతులను మళ్లీ భూస్వాముల పొలాలకు కట్టేసింది.

విగ్రహం కింద ఎవరు?

కీవ్‌లో సోఫియా చర్చి ఎదుట చౌరస్తాలో బొహ్దాన్ గుర్రం మీద కనిపిస్తాడు. 1888లో పెట్టారు. శిల్పి మిఖాయిల్ మికెషిన్ మొదటి నమూనాలో ఆ గుర్రం డెక్కల కింద ఒక పోలిష్ ప్రభువు, ఒక జెసూట్ పాదరీ, ఒక యూదు గుత్తేదారు నలుగుతూ ఉంటారు. జార్ ప్రభుత్వానికే అది మరీ అతిగా అనిపించింది. డబ్బులు కూడా చాల్లేదు. కింది బొమ్మలు తీసేశారు. తయారైన విగ్రహం పీఠం లేక కొన్నేళ్లు కీవ్ పోలీస్ స్టేషన్ ఆవరణలో పడి ఉంది. తిరుగుబాటుదారుడికి తగిన మజిలీయే.

యుక్రెయిన్ జాతికవి షెవ్చెంకో ఈ విగ్రహం చూడకముందే పోయాడు. చూసుంటే ఏమనేవాడో ఊహించవచ్చు. 1843లో రాసిన ఒక కవితలో యుక్రెయిన్ తల్లి బొహ్దాన్‌ను తెలివితక్కువ కొడుకా అని పిలిచి, ఇలా చేస్తావని తెలిసుంటే ఉయ్యాల్లోనే ఊపిరి తీసేదాన్ని అంటుంది. మాస్కోకు అప్పగించినందుకు ఆ కోపం. జాతీయవాదులందరికీ అతను ఎప్పుడూ హీరోయేం కాదు.

స్టాలిన్ కాలంలో గాలి ఒక్కసారిగా తిరిగింది. యుక్రెయిన్ కోసం జర్మన్లతో పోరు నడుస్తున్న 1943 అక్టోబర్‌లో బొహ్దాన్ పేరిట సైనిక పతకం పెట్టారు, దాని మీద పేరు యుక్రెయిన్ భాషలోనే చెక్కించారు. పేరెయాస్లావ్‌ను పేరెయాస్లావ్-ఖ్మెల్నిత్‌స్కీ చేశారు. నిన్నటి రైతు ద్రోహి ఇవాళ సోదర జాతులను కలిపిన మహానుభావుడయ్యాడు. 1954లో ఆ ప్రమాణానికి 300 ఏళ్లని దేశమంతా పండగ చేశారు. క్రిమియాను రష్యా నుంచి యుక్రెయిన్‌కు మార్చింది ఆ ఏడాదే. ప్రొస్కురివ్ అనే పట్నం పేరును ఖ్మెల్నిత్‌స్కీగా మార్చిందీ ఆ ఏడాదే. ప్రొస్కురివ్‌లో 1919 ఫిబ్రవరిలో యుక్రెయిన్ సైనికులు కొన్ని గంటల్లో సుమారు 1,500 మంది యూదులను చంపారు. ఊళ్లకు పేర్లు పెట్టే కమిటీలో ఎవరికైనా ఇది గుర్తొచ్చిందో లేదో. ఆ పేరు ఇప్పటికీ అలాగే ఉంది.

స్వతంత్ర యుక్రెయిన్ అతన్ని వదులుకోలేదు, మార్చుకుంది. 1995లో అదే పేరుతో సొంత పతకం పెట్టుకుంది. పేరెయాస్లావ్ 2019లో తోక కత్తిరించుకుని పాత పేరుకు వచ్చింది. కీవ్‌లో ద్నీపర్ ఒడ్డున 1982లో కట్టిన 'జాతుల మైత్రి' తోరణం కింద పేరెయాస్లావ్ సభను చూపించే పెద్ద రాతి శిల్పాలు ఉండేవి. మధ్యలో బొహ్దాన్, పక్కనే బుతుర్లిన్. 2024 ఏప్రిల్ 30న క్రేన్లు పెట్టి వాటిని ఒక్కొక్కటిగా దించడం మొదలుపెట్టారు. అక్కడికి కాస్త దూరంలో సోఫియా చౌరస్తాలో గుర్రం మీది బొహ్దాన్‌ను మాత్రం ఎవరూ ముట్టుకోలేదు.

5 హ్రివ్నియాల నోటు తిప్పి చూస్తే వెనకవైపు తెల్లటి చర్చి ఉంటుంది. సుబోతివ్‌లో, చాప్లిన్‌స్కీ లాక్కున్న ఆ పొలం ఉన్న ఊళ్లో, బొహ్దాన్ కట్టించుకున్న ఎలియా ప్రవక్త చర్చి అది. అతన్ని పాతిపెట్టింది అందులోనే. 1664లో పోలిష్ సేనాపతి స్తెఫాన్ చార్నెత్స్కీ ఆ ఊరిని తగలబెట్టి, తండ్రీకొడుకుల ఎముకలు బయటికి తీయించి పారేయించాడంటారు. తర్వాత ఎన్నిసార్లు తవ్వినా సమాధిలో ఏమీ దొరకలేదు.